బస్తర్ దస్త్రం రేపు ఎవరి చేతిలో ఉంటుంది?

ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వ సాధారణ పరిపాలన శాఖకు, రాష్ట్ర సమాచార సాంకేతిక సంస్థ చిప్స్‌కు, బస్తర్ డివిజన్‌లోని ఏడు జిల్లాల కలెక్టర్లకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారులారా,



కాగితం ఫైలుకు సెలవిచ్చి కంప్యూటర్ ఫైలుకు మారుతున్నామని మీరు ప్రకటిస్తున్నారు. ఏ ఫైలు ఏ బల్ల మీద ఎన్ని రోజులు ఆగిందో ఇకపై ఎవరూ దాచలేరంటున్నారు. సంతకం కోసం కాళ్లరిగేలా తిరిగే పని తప్పుతుందంటున్నారు. ఆ మాటల్లో నిజముంది, కాదనను. కానీ మీ ప్రకటనలన్నింటిలో వినిపించే కొలత వేగం ఒక్కటే. ఎన్ని ఫైళ్లు కదిలాయి, ఎన్ని పేజీలు స్కాన్ అయ్యాయి, ఎన్ని కార్యాలయాలు కొత్త పద్ధతిలోకి వచ్చాయి. ఈ లెక్కతో రాయపుర్ సచివాలయానికి పని జరగవచ్చు. బస్తర్‌కు మాత్రం ఇది చాలదు. చాలదని తెలిసి కూడా దీన్నే విజయంగా చూపించే ధోరణిని నేను ఒప్పుకోలేను.

ఈ ఉత్తరం తెలుగులో ఎందుకు రాస్తున్నానో చెప్పాలి. మీ పాలనలో ఉన్న కొంటా, భోపాల్‌పట్నం ప్రాంతాల్లో ఎన్నో ఇళ్లలో మాట్లాడేది తెలుగే. 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలయ్యాక మీ వైపు ఊళ్లు ఖాళీ చేసి వచ్చినవాళ్లు చింతూరు, భద్రాచలం, ములుగు అడవుల్లో ఇరవై ఏళ్లుగా బతుకుతున్నారు. వాళ్ల పిల్లలకు కుల ధ్రువపత్రం కావాలంటే ఇక్కడి కార్యాలయం మీ రాష్ట్రం వైపు చూపిస్తుంది. మీ రికార్డు గదిలో ఒక కాగితం ఉందా లేదా అన్న దాన్నిబట్టి గోదావరి ఒడ్డున ఒక పిల్లకు హాస్టల్ సీటు దొరుకుతుంది, లేదా దొరకదు. కాబట్టి మీరు కొనే సాఫ్ట్‌వేర్ మీ ఇంటి వ్యవహారం మాత్రమే అనుకోకండి.

కొంటా దగ్గర ఏదో ఒక ఊరిని తీసుకోండి. 1998 దాకా అది జగదల్‌పుర్ కేంద్రంగా ఉన్న పెద్ద బస్తర్ జిల్లాలో ఉండేది. ఆ ఏడాది దంతెవాడ జిల్లాలోకి వచ్చింది. 2000 నవంబరు 1న రాష్ట్రమే మారింది. అప్పటిదాకా భోపాల్‌కు వెళ్లిన కాగితాలు ఆ తర్వాత రాయపుర్‌కు వెళ్లసాగాయి. 2012లో ఆ ఊరు సుక్మా జిల్లాలో చేరింది. ఊరు ఉన్నచోటే ఉంది. ఊరి కాగితం మాత్రం మూడు జిల్లా కేంద్రాలు, రెండు రాజధానులు తిరిగింది. బీజాపుర్, నారాయణపుర్‌లు 2007లో, కొండగావ్ 2012లో జిల్లాలయ్యాయి. ఆ ఊళ్లదీ ఇదే కథ. విడిపోయిన ప్రతిసారీ ఏ బస్తా ఏ కార్యాలయానికి వెళ్లిందో, ఏది వెళ్లలేదో, ఏది దారిలో పోయిందో చెప్పే జాబితా మీ దగ్గర ఉందా? ఉంటే ప్రజలకు చూపించారా? లేకపోతే, ఆ జాబితా తయారు కాకుండానే స్కానింగ్ యంత్రం ముందు కూర్చుని ఏం డిజిటల్ చేస్తున్నారు?

సరిహద్దుకు ఇవతల మేము కూడా ఇదే చూశాం. చింతూరు మండలం 2014 దాకా ఖమ్మం జిల్లాలో ఉంది. పోలవరం ప్రాజెక్టు కోసం తూర్పు గోదావరిలో కలిపారు. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లింది. ముంపు పరిహారం అడిగిన రైతు తన పాత పహాణీ నకలు కోసం ఏ ఊరు బస్సు ఎక్కాలో చెప్పగలిగిన అధికారి ఎంతమంది? జిల్లా విడదీయడం అంటే మ్యాపు మీద గీత గీయడమే అనుకున్న ప్రభుత్వాలన్నీ దస్త్రాన్ని చివరగానే తలచుకున్నాయి.

బస్తర్‌లో ఒక దస్త్రం కనిపించకపోతే ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. అయినా ఒక్కసారి గుర్తు చేస్తాను. 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు, అటవీ హక్కుల దరఖాస్తులు తిరస్కరణకు గురైనవాళ్లను అడవుల నుంచి ఖాళీ చేయించాలని ఆదేశించింది. దేశమంతా గగ్గోలు లేచింది. రెండు వారాల్లో, ఫిబ్రవరి 28న, అదే కోర్టు ఆ ఆదేశాన్ని నిలిపివేసి రాష్ట్రాలను ఒక ప్రశ్న అడిగింది: ఈ తిరస్కరణలు ఏ పద్ధతిలో జరిగాయి? నోటీసు ఇచ్చారా, వాదన విన్నారా, కారణం రాశారా? ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది ఫైలే. తిరస్కరించినట్టు దరఖాస్తుదారుకు స్వయంగా తెలియజేయాలని, అప్పీలుకు 60 రోజులు గడువు ఉండాలని అటవీ హక్కుల నియమాలు చెబుతున్నాయి. తెలియజేసిన కాగితం ఫైలులో లేకపోతే ఆ తిరస్కరణ చెల్లుతుందా? మీ రాష్ట్రంలో తిరస్కరించిన దరఖాస్తుల్లో ఎన్నింటి ఫైళ్లు ఇవాళ తెరిచి చదవగలిగే స్థితిలో ఉన్నాయి? కొత్త ఫైళ్ల వేగం చెప్పే ముందు ఈ సంఖ్య చెప్పండి.

ఉన్న దస్త్రమే అబద్ధమైతే ఏం చేస్తారన్నది ఇంకో ప్రశ్న. బైలాడిలా కొండల్లోని 13వ ఇనుప ఖనిజ నిక్షేపం కోసం 2014 జూలైలో హిరోలీ గ్రామసభ ఒప్పుకున్నట్టు ఒక తీర్మానం ఉంది. ఆ సభ జరగనేలేదని గ్రామస్థులు చెప్పారు. 2019 జూన్‌లో వేలాది ఆదివాసులు కిరందుల్‌లో గనుల సంస్థ ఎన్‌ఎండీసీ గేటు ముందు రోజుల తరబడి కూర్చున్నారు. అప్పటి ప్రభుత్వం చెట్ల నరికివేత ఆపించి, ఆ గ్రామసభ మీదే విచారణకు ఆదేశించింది. ఒక కొండ భవిష్యత్తు ఒక కాగితం నిజానిజాల మీద ఆధారపడింది. అలాంటి కాగితాన్ని ఎంత స్పష్టంగా స్కాన్ చేసినా అందులోని సందేహం తీరదు. తీరాలంటే ఆ తీర్మానం ఏ రోజున, ఎవరి చేతి మీదుగా దస్త్రంలోకి వచ్చిందో తెలియాలి. తర్వాత ఎవరు తెరిచారో, ఎవరు మార్చారో తెలియాలి. మంచి దస్త్రాల సాఫ్ట్‌వేర్ ఏదైనా ఈ జాడను దానంతటదే రాసుకుంటుంది. అమ్మేవాళ్లు దాన్నే గొప్పగా చెప్పి అమ్ముతారు. కానీ ఆ జాడ చూసే హక్కు ఎవరికిచ్చారు? కార్యాలయానికి మాత్రమేనా? ఎవరి పేరు మీద తీర్మానం ఉందో ఆ గ్రామసభకు తన తీర్మానం జాడ చూసే వీలు లేకపోతే, ఆ సాఫ్ట్‌వేర్ ఎవరిని కాపాడుతోంది?

ఇక మీరు అడుగుపెడుతున్న సంత గురించి మాట్లాడతాను. దస్త్రాల సాఫ్ట్‌వేర్ రంగాన్ని దగ్గరగా గమనిస్తూ వచ్చినవాణ్ణి కాబట్టి ఈ మాటలు చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను.

ఈ రంగంలో పేరుమోసిన కంపెనీలు ఎంత తరచుగా చేతులు మారాయో చూడండి. 1982లో మొదలైన ఫైల్‌నెట్‌ను 2006లో ఐబీఎం సుమారు 160 కోట్ల డాలర్లకు కొనేసింది. అదే ఏడాది ఒరాకిల్ స్టెలెంట్‌ను కొంది. 1990లో పుట్టిన డాక్యుమెంటమ్‌ను 2003లో ఈఎంసీ కొంది. 2016లో ఈఎంసీని డెల్ కొంది. 2017 జనవరికల్లా డాక్యుమెంటమ్ కెనడా కంపెనీ ఓపెన్‌టెక్స్ట్ చేతికి వచ్చింది. పద్నాలుగేళ్లలో మూడుసార్లు యజమాని మారాడు. డాక్యుమెంటమ్ స్థాపకుల్లో ఒకరు 2005లో ఆల్‌ఫ్రెస్కో అనే ఓపెన్ సోర్స్ కంపెనీ పెట్టారు. 2020లో దాన్నీ హైలాండ్ కొనేసింది. అయితే అక్కడ ఒక తేడా ఉంది: కంపెనీ అమ్ముడుపోయినా, బయటపెట్టిన కోడ్ అందరి దగ్గరా మిగిలింది.

2017లో పరిశోధన సంస్థ గార్ట్‌నర్ ఈ రంగం పేరే మార్చి, ఇకపై దీన్ని కంటెంట్ సర్వీసెస్ అనమంది. ఆ మార్పు వెనుక అసలు సంగతి వ్యాపారం తీరు మారడం. ఒకప్పుడు లైసెన్సు కొంటే సాఫ్ట్‌వేర్ మీ గదిలో ఉన్న సర్వర్ మీద నడిచేది. ఇప్పుడు ఏడాదికింతని చందా కట్టి కంపెనీ క్లౌడ్‌లో వాడుకోవాలి. 2001లో వచ్చిన మైక్రోసాఫ్ట్ షేర్‌పాయింట్ ఇవాళ ఆఫీసు సాఫ్ట్‌వేర్ చందాతోపాటే వచ్చేస్తుంది. విడిగా అమ్ముకునేవాళ్లకు ఆ ధరతో పోటీపడటం కష్టం. 1992 నుంచి ఢిల్లీలో ఉన్న మన న్యూజెన్ లాంటి కంపెనీలు బ్యాంకులకు, ప్రభుత్వాలకు ఇదే పని చేస్తున్నాయి. పోటీ ఎంత గట్టిగా ఉంటే కొనేవాడికి అంత మేలనుకోవడం సహజం. కొనే రోజున అది నిజమే. ఒకసారి మీ లక్షల పేజీలు ఒక కంపెనీ పద్ధతిలో సర్దుకున్నాక వాటిని బయటికి తీయడానికి అయ్యే ఖర్చు, పట్టే కాలం చూస్తే, అక్కడ పోటీ అనే మాటే ఉండదు. చందా కట్టని ఏడాది ఏమవుతుంది? కంపెనీని ఇంకొకరు కొని, మీరు వాడే సరుకును ఆపేస్తే ఏమవుతుంది? పట్టా కాగితం మూడు తరాలు ఉండాలి. కాంట్రాక్టు మూడేళ్లు, ఐదేళ్లు. ఈ రెండింటి మధ్య ఉన్న కాలానికి పూచీ ఎవరు?

ఇది అమెరికా ముచ్చట కదా అని తీసిపారేయకండి. తెలంగాణలో ధరణి కథ మీ పొరుగునే జరిగింది. 2020 అక్టోబరు 29న ప్రారంభమైన ఆ పోర్టల్‌లో రాష్ట్రంలోని వ్యవసాయ భూముల రికార్డులు పెట్టారు. సాంకేతిక నిర్వహణ ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ టెక్నాలజీస్ చేతిలో ఉండేది. 2018లోనే ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ గ్రూపు అప్పుల్లో కుప్పకూలింది. తర్వాత ఆ టెక్నాలజీ కంపెనీ చేతులు మారి, టెర్రాసిస్ అనే కొత్త పేరుతో కొనసాగింది. రైతు భూమి లెక్క ఎవరి దగ్గర ఉందన్నది ఎన్నికల సభల్లో వాదన అయింది. చివరికి 2024 చివర్లో ప్రభుత్వం నిర్వహణను కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐసీకి అప్పగించింది. 2025 ఏప్రిల్‌లో ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. ఈ మధ్యలో రైతులు పడిన పాట్లు వేరే. పేరులో ఒక అక్షరం తప్పుంటే, విస్తీర్ణంలో కొన్ని గుంటలు తేడా వస్తే, సరిదిద్దడానికి తహసీల్దారుకు అధికారం ఉండేది కాదు. కలెక్టరు దాకా వెళ్లాల్సి వచ్చేది. తప్పు దిద్దే దారి ముందే కట్టకుండా తప్పుల్ని కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే ఏమవుతుందో తెలంగాణ రైతు నాలుగేళ్లపాటు అనుభవించాడు. ఆ అనుభవం మీకు ఉచితంగా దొరుకుతోంది. దాన్ని చదివారా?

మాది ఎన్‌ఐసీ తయారుచేసిన ఈ-ఆఫీసు, ప్రైవేటు కంపెనీ కాదు అని మీరు అనవచ్చు. ప్రభుత్వం సొంతంగా చేసుకున్న సాఫ్ట్‌వేర్ కావడం మంచిదే. అందుకు మిమ్మల్ని మెచ్చుకుంటాను. కానీ ఈ-ఆఫీసు ప్రధానంగా అధికారి నుంచి అధికారికి ఫైలు నడిపే ఏర్పాటు. పాత రికార్డు గదిలోని బస్తాలు, పట్వారీ పెట్టెలో మిగిలిన కాగితాలు, అటవీ హక్కుల కమిటీ రిజిస్టర్లు, భూసేకరణ ఫైళ్లు దాని బయటే ఉంటాయి. స్కానింగ్ కాంట్రాక్టులు, ఒక్కో శాఖ విడిగా చేయించుకునే సాఫ్ట్‌వేర్లు ప్రవేశించేది అక్కడే. అక్కడ నడిచేది ఎల్-1 పద్ధతి: పేజీకి తక్కువ ధర వేసినవాడికి పని. పేజీకింత అని డబ్బు ఇచ్చినప్పుడు పేజీలు పెరుగుతాయి. ఏ పేజీ ఎవరిదో చెప్పే సూచిక తయారుచేయడానికి ఆ ధర సరిపోదు. సూచిక లేని స్కానులు లక్ష ఉన్నా, వాటిలో ఒక మనిషి కాగితం వెతికి తీయలేకపోతే వాటితో ఏం పని?

సూచిక అన్నాను కాబట్టి పేర్ల సంగతి చెప్పాలి. చింతూరులో కొవ్వాసి అని రాసుకునే ఇంటిపేరు కొంటాలో హిందీ అక్షరాల్లో కవాసి అవుతుంది. ఇక్కడి సోడి అక్కడ సోఢీ. ఇంగ్లీషులోకి వెళ్లేసరికి ఇంకో మూడు రూపాలు. నాగరి ఒక్కటే చూసి వెతికే యంత్రానికి అన్నదమ్ములు కూడా పరాయివాళ్లే. దీని ఫలితం ఎంత దూరం వెళ్తుందో మీ రాష్ట్రానికి బాగా తెలుసు. అక్షరాల తేడాల వల్ల, ఉచ్చారణ భేదాల వల్ల షెడ్యూల్డ్ తెగల జాబితాకు దశాబ్దాలు బయట ఉండిపోయిన మీ సముదాయాల కోసం పార్లమెంటు చట్టమే చేయాల్సి వచ్చింది. 2022 డిసెంబరులో లోక్‌సభ, 2023 జూలైలో రాజ్యసభ ఆ బిల్లును ఆమోదించాయి. ఒక గుణింతం తేడాకు ఒక తరం చదువులు, ఉద్యోగాలు పోయిన రాష్ట్రంలో, కొత్త దస్త్రాల వ్యవస్థ పేర్లను ఎలా కలుపుతుందన్నది మొదటి ప్రశ్న కావాలి. మీ ప్రకటనల్లో అది ఎక్కడ ఉంది?

ఇప్పుడు ఈ రంగంలో పోటీ అంతా కృత్రిమ మేధ చుట్టూ తిరుగుతోంది. ఫైలు చదివి సారాంశం చెబుతాం, దరఖాస్తులు జల్లెడ పడతాం, నోట్ కూడా మేమే రాసిస్తాం అని ప్రతి కంపెనీ అంటోంది. ఈ యంత్రాలకు హిందీ, ఇంగ్లీషు బాగా వచ్చు. గోండీ, హల్బీ, దోర్లీ, ధుర్వా, భత్రీ ఎంత వచ్చు? 2011 జనగణన నాటికి బీజాపుర్ జిల్లా అక్షరాస్యత దాదాపు 41 శాతం. సుక్మా కూడా కలిసి ఉన్న అప్పటి దంతెవాడలో దాదాపు 42 శాతం. చదవలేని మనిషి తరఫున అతని భాష రాని యంత్రం అతని దరఖాస్తు సారాంశం రాస్తే, అందులో తప్పు పట్టుకునేది ఎవరు? సారాంశం చదివి సంతకం పెట్టే అధికారి అసలు దరఖాస్తు తెరుస్తాడని మీరు మాటివ్వగలరా?

ఇక్కడ సాంకేతికత చేతకానిదని నేను అనడం లేదు. చేయించుకునే మనసు ఉంటే అది చాలా చేస్తుంది. మసరం గోండీ లిపి 2017లో యూనికోడ్‌లో చేరింది. మా ఆదిలాబాద్ జిల్లా గుంజాల ఊరి పేరు మీద ఉన్న గుంజాల గోండీ లిపి 2018లో చేరింది. 2010లో మొదలైన సీజీనెట్ స్వర, మామూలు ఫోన్‌లో గోండీ మాట రికార్డు చేసి అందరికీ వినిపించవచ్చని మీ గడ్డ మీదే చూపించింది. మాటను దస్త్రంగా ఉంచడానికి చట్టం కూడా అడ్డు చెప్పదు. అటవీ హక్కుల నియమాల్లో 13వ నియమం ఊరి పెద్దల వాంగ్మూలాన్ని రాసుకుని సాక్ష్యంగా తీసుకోవచ్చంటుంది. రాతతోపాటు ఆ పెద్ద గొంతును కూడా ఫైలులో పెట్టడానికి ఇవాళ ఏ సాఫ్ట్‌వేర్‌కు చేతకాదు? రాసినవాడు తప్పు రాసినా గొంతు ఉంటుంది కదా. పెద్దవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. ఆ సాక్ష్యం కోసం ఇంకా ఎన్నేళ్లు ఆగుతారు?

కాగితం మీద ప్రేమతో ఈ ఉత్తరం రాస్తున్నానని అనుకోవద్దు. కాగితం ఎంత బలహీనమో మాకు తెలుసు. 2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో మంటలు లేచి భూముల ఫైళ్లు కాలిపోయాయి. వాటికి నకళ్లు ముందే వేరేచోట భద్రంగా ఉండి ఉంటే అంత అలజడి పుట్టేదే కాదు. డిజిటల్ నకలు అవసరం. అయితే నకలు వచ్చింది కదా అని అసలును పాత కాగితాల కింద తూకానికి వేయడం, స్కాన్‌లో లేని పేజీ అసలు లేనట్టే అని తేల్చేయడం, ఇవి రెండూ జరగకుండా చూడాల్సింది మీరు. లోహండీగూడలో టాటా స్టీల్ కర్మాగారం కోసం పది గ్రామాల్లో 1,707 మంది రైతుల భూమి, 1,700 హెక్టార్లకు పైగా, తీసుకున్నారు. కర్మాగారం రాలేదు. 2019లో ఆ భూమి తిరిగి రైతులకు దక్కింది. ఎవరి దగ్గర ఎంత తీసుకున్నారో చెప్పే కాగితం పదేళ్ల తర్వాత కూడా నిలిచి ఉండబట్టే కదా తిరిగి ఇవ్వగలిగారు? అంత గొప్ప పని చేసిన దస్త్రాన్ని మీరే కాపాడుకోకపోతే ఎలా?

మీ ముందు ఆరు కోరికలు పెడుతున్నాను. ఇవేవీ ఆకాశంలో చుక్కలు కావు. అన్నీ ఒక టెండరు పత్రంలో, ఒక ఉత్తర్వులో రాయగలిగినవే.

మొదటిది, బయటికి వచ్చే దారి. ఏ కంపెనీతో ఒప్పందం చేసుకున్నా, దస్త్రాలన్నీ సూచికతో సహా అందరికీ అందుబాటులో ఉండే ప్రమాణ రూపంలో తిరిగి అప్పగించాలని రాయండి. దీర్ఘకాల భద్రతకు పీడీఎఫ్/ఏ ప్రమాణం 2005 నుంచి ఉంది. ఒక సాఫ్ట్‌వేర్‌ను ఇంకో సాఫ్ట్‌వేర్‌తో మాట్లాడించడానికి ఈ కంపెనీలే కలిసి తయారుచేసుకున్న సీఎంఐఎస్ ప్రమాణం 2010 నుంచి ఉంది. చివరి బిల్లు చెల్లించేముందు, ఒక జిల్లా దస్త్రాలను వేరే బృందం వేరే సాఫ్ట్‌వేర్‌లోకి మార్చి చూపించాలి. అది కుదరకపోతే డబ్బు ఆపండి.

రెండోది, వరస. కొత్త ఫైళ్లకన్నా ముందు తిరస్కరించిన అటవీ హక్కుల దరఖాస్తులు, గ్రామసభ తీర్మానాలు, భూసేకరణ ఫైళ్లు, కుల నిర్ధారణకు ఆధారమైన మిసల్ రికార్డులు తీయండి. ఎక్కడ ఏముందో, ఏది లేదో జాబితా ప్రకటించండి. రికార్డులకు జాబితా, సూచిక తయారుచేయడం సమాచార హక్కు చట్టం 2005లోని 4వ సెక్షన్ మీమీద పెట్టిన బాధ్యతే. నేను కొత్తగా ఏమీ అడగడం లేదు.

మూడోది, గ్రామసభ వాటా. ప్రతి తీర్మానం దస్త్రంలోకి ఎక్కిన వారంలోగా దాని నకలు, ఎక్కించినవారి హోదా, తేదీతో గ్రామసభకు తిరిగి రావాలి. సభలో వాళ్ల భాషలో చదివి వినిపించాలి. తర్వాత ఎవరు ఏ మార్పు చేసినా ఆ సమాచారం సభకు చేరాలి. ఐదో షెడ్యూలు ప్రాంతంలో, గ్రామసభకు అధికారాలిచ్చే పెసా చట్టం ఉన్నచోట, గ్రామసభ మీ కింది కార్యాలయం కాదు.

నాలుగోది, గొంతు. పెద్దల వాంగ్మూలాలను రాతతోపాటు ధ్వని రూపంలో ఫైలులో ఉంచండి. ఇరవై ఏళ్ల క్రితం ఊళ్లు వదిలి ఆంధ్ర, తెలంగాణల్లో ఉంటున్నవాళ్ల వాంగ్మూలాలను కూడా, వాళ్లు ఉన్నచోటికే వచ్చి తీసుకోండి. అక్రమంగా వెళ్లగొట్టిన వాళ్లకు పునరావాస హక్కు గురించి అటవీ హక్కుల చట్టం 3(1)(ఎం) మాట్లాడుతుంది. ఆ హక్కు అడగాలంటే వాళ్లకు దస్త్రం కావాలి.

ఐదోది, పేరు దిద్దుబాటు. ఒకే మనిషి పేరుకున్న రూపాలన్నింటినీ కలిపి వెతికే వీలుండాలి. అక్షర దోషం సరిదిద్దే అధికారం తహసీల్ స్థాయిలోనే ఉండాలి. పాత రూపం చెరపకుండా, ఎవరు ఎప్పుడు దిద్దారో కనిపించాలి. దీనికి గడువు పెట్టండి.

ఆరోది, కృత్రిమ మేధకు హద్దు. యంత్రం వెతకవచ్చు, అమర్చవచ్చు. ఒక హక్కును తిరస్కరించే నోట్ మాత్రం అసలు కాగితం చదివిన మనిషే రాయాలి, తన పేరుతో. ఆదివాసుల దస్త్రాలు ఏ కంపెనీకీ శిక్షణ సరుకు కాకూడదని ఒప్పందంలో స్పష్టంగా ఉండాలి.

వీటికి ఖర్చవుతుందని మీ ఆర్థిక శాఖ అంటుంది. అవుతుంది. కానీ ఒక తప్పుడు తీర్మానం మీద నడిచే విచారణకు, ఒక తిరస్కరణ మీద ఏళ్ల తరబడి సాగే కోర్టు కేసుకు, అయిన తప్పు దిద్దడానికి తెచ్చుకునే ఇంకో పోర్టల్‌కు అయ్యే ఖర్చు ఎవరి ఖాతాలో రాస్తారు? ఆ ఖర్చులో పెద్ద వాటా ఇప్పటిదాకా పట్వారీ చుట్టూ, తహసీల్ చుట్టూ కూలి పోగొట్టుకుని తిరిగినవాళ్లే భరించారు. బడ్జెట్ పుస్తకంలో ఆ లెక్క కనిపించదు కాబట్టి అది లేనట్టు కాదు.

అధికారులారా, రెండు మూడేళ్లకు మీరు బదిలీ అవుతారు. జిల్లాల హద్దులు మళ్లీ మారవచ్చు. సాఫ్ట్‌వేర్ కంపెనీలు తప్పకుండా చేతులు మారతాయి. మారనిదల్లా తన నేల తనదేనని నిరూపించుకోవాల్సిన మనిషి, అతని ఊరు. ఈ ఆరు అంశాల్లో దేన్ని ఒప్పుకుంటున్నారో, దేన్ని ఒప్పుకోవడం లేదో, ఎందుకో, రాతపూర్వకంగా చెప్పండి. ఆ జవాబు హిందీలోనే ఆపకుండా గోండీ, హల్బీ, తెలుగుల్లో కూడా ఇచ్చి బస్తర్ డివిజన్‌లోని ప్రతి గ్రామసభలో చదివించండి. అప్పటిదాకా కొత్త స్కానింగ్ కాంట్రాక్టు ఏదీ సంతకం చేయకండి.

ఇట్లు,
శబరి ఇవతలి ఒడ్డు నుంచి
మీ పొరుగు తెలుగు రచయిత